బాలసాహస గాథలు – పెద్దల పరిహాసము

ఒక జాతి తన బిడ్డల చేతికి ఏ కథల నిచ్చుచున్నదో చూచినచో ఆ జాతి కోరిక తెలియును. ఆ బిడ్డలే పెరిగి పెద్దవారై ఆ కథలను జూచి యెందులకు నవ్వుచున్నారో విచారించినచో ఆ జాతి మనస్సాక్షి తెలియును. ఇంగ్లండునందు తరతరముల బాలురు మక్కువతో చదివిన సాహసగాథలను అచ్చటి పెద్దలే తరువాతి కాలమున తలక్రిందులుగా త్రిప్పి తమకొరకై పరిహాసానుకరణములుగా వ్రాసికొనిరి. ఇది వట్టి వినోదమని త్రోసిపుచ్చరాదు. ఆ గాథలు మనల నేలినవారి బాల్యమునకు ఆహారమైనవి. ఇంగ్లీషు చదువుల ద్వారమున మన బాల్యములోనికిని ప్రవేశించినవి. వానిని జూచి నవ్వుచున్న దెవరు, దేనికి నవ్వుచున్నారు, ఆ నవ్వులో మన కేమి పాలు కలదు అను ప్రశ్నలు మనవి కూడ.

1857వ సంవత్సరము మనకు మీరటు సిపాయిలు తిరుగబడిన సంవత్సరము. ఢిల్లీ, కాన్పూరు, లక్నో, ఝాన్సీ అను పేళ్లు ఆ సంవత్సరముతోడనే జ్ఞప్తికి వచ్చును. ఆ యేడే బ్రిటనులో బాలురకొరకు రెండు పుస్తకములు వెలువడినవి. మొదటిది థామస్ హ్యూస్ వ్రాసిన ‘టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్’. రగ్బీ పాఠశాలలో ఒక బాలుడు ధైర్యమును, సత్యమును, దైవభక్తిని అలవరచుకొని పెద్దమనిషి యగు కథ యది. రెండవది రాబర్ట్ మైకేల్ బాలంటైన్ వ్రాసిన ‘ది కోరల్ ఐలండ్’, అనగా పగడపు దీవి. ఓడ పగిలి రాల్ఫ్, జాక్, పీటర్కిన్ అను ముగ్గురు బ్రిటిషు కుర్రవారు దక్షిణ సముద్రములలోని యొక దీవిని చేరుదురు. వారిలో వారికి వైరము లేదు. వారికి దీవిలో కొరతయు లేదు. చెడుగు వచ్చినచో వెలుపలనుండియే వచ్చును: ఒకమారు సముద్రపు దొంగల రూపమున, ఒకమారు నరమాంసభక్షకులగు దీవివాసుల రూపమున. కడపట దీవివాసులు క్రైస్తవులై తమ విగ్రహములను తగులబెట్టగా కథ సుఖాంతమగును.

బాలంటైను స్కాట్లండువాడు. యౌవనమున కెనడాలో హడ్సన్స్ బే కంపెనీ కొలువు చేసెను గాని, ఈ పుస్తకము వ్రాయునాటికి పసిఫిక్ దీవులను కన్నులార చూడలేదు. అందుచేత కొబ్బరికాయకడ చిక్కుపడినాడు. బ్రిటనులోని అంగళ్లలో పీచు ఒలిచి అమ్ము కాయను జూచి, చెట్టునందును కాయ అట్లే యుండునని తలచి వ్రాసినాడు. కోనసీమలో గునపముపై కొబ్బరికాయ ఒలుచు కుర్రవాడెవడైనను ఆ పుటకడనే పకాలున నవ్వును. తప్పు చిన్నదే. కాయ యెట్లుండునో తెలియని రచయిత, ఆ కాయతో బ్రదుకు మనుష్యులు ఎట్టివారో మాత్రము నిస్సంశయముగా చెప్పగలిగెను. చదివిన బాలురు నమ్మిరి. కొబ్బరికాయ విషయమున పొరపాటు పడినచో ఎవరికిని నష్టము లేదు. మనుష్యుల విషయమున పడిన పొరపాటు ప్రభుత్వములకు పునాది యయ్యెను.

ఈ సంగతిని ఇంగ్లండులోనే గుర్తించినవారు లేకపోలేదు. మన మోతీహారిలో పుట్టి, బర్మాలో పోలీసు ఉద్యోగము చేసి, ఆ కొలువును విడిచిన జార్జి ఆర్వెల్ 1940లో బాలుర వారపత్రికలను గూర్చి యొక దీర్ఘవ్యాసము వ్రాసెను. ఆ పత్రికలలోని లోకము 1910 ప్రాంతమున గడియారము ఆగిపోయిన లోకమనియు, బాలునికి తెలియకుండగనే పాలకవర్గపు నమ్మకములు వానియందు నాటుకొనుననియు ఆతడు చూపెను. ఆతడు పరిశీలించిన పత్రికలలో ‘ది మాగ్నెట్’ ఒకటి. 1908లో మొదలై 1940లో ఆగిన ఆ పత్రికలో ఫ్రాంక్ రిచర్డ్స్ అను కలము పేరుతో వచ్చిన పాఠశాల కథలయందు భారతీయ విద్యార్థి యొకడు గలడు. వాని పేరు హర్రీ జామ్సెట్ రామ్ సింగ్. బిరుదు భానిపూరు నవాబు. ఒక్క మనుష్యునియందు హిందువును, పారసీకుని, సిక్కును, మహమ్మదీయ ప్రభువును కలిపి వండిన ఈ పాయసము ఏ దేశపు వంటయో తినువారికి తెలియదు, వండినవానికిని తెలియదు. వాడు మంచివాడే, స్నేహితుడే. కాని వాడు నోరు తెరచినప్పుడెల్ల వాని ఇంగ్లీషును జూచి తోడి బాలురు నవ్వవలెను. మనకు ఆ కథలలో దొరికిన యుత్తమస్థాన మది.

ఇట్టి గాథలకు పెద్దలు వ్రాసిన పరిహాసానుకరణముల తత్త్వము మనకు క్రొత్తది కాదు. శృంగారము ననుకరించుటవలన హాస్యము పుట్టునని భరతుడు నాట్యశాస్త్రమున చెప్పెను. ఏ రసమైనను ఆభాసమైనచో హాస్యమునకు దారితీయునని అభినవగుప్తుడు దానిని విస్తరించెను. వీరము ఆభాసమైనచో నవ్వు వచ్చుటకు సాహసగాథలకంటె తగిన క్షేత్ర మేది? తెలుగున పేరడీ యనగానే జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరు తలపునకు వచ్చును. జరుక్ శాస్త్రి తన కాలపు మహాకవులను అనుకరించి నవ్వించెను. ఆ కవుల శైలీరహస్యము ఆతనికి హస్తగతమైనది గనుకనే ఆ నవ్వు పండినది. పేరడీకి మొదటి నియమ మిది: మూలమును ప్రేమించి చదివినవానికే దానిని వెక్కిరించు నధికారము కలుగును. రెండవ నియమ మొకటి కలదు: వెక్కిరింతవలన మూలమున దాగిన దేదో బయటపడవలెను. ఈ రెండవ నియమమును పట్టుకొని కొన్ని గ్రంథములను తూచి చూతము.

పగడపు దీవికి ప్రత్యుత్తరము తొంబదియేడేండ్లకు వచ్చినది. విలియం గోల్డింగు సాలిస్బరీలో బాలురకు చదువు చెప్పిన యుపాధ్యాయుడు. రెండవ ప్రపంచయుద్ధమున నౌకాదళమున పనిచేసినవాడు. 1954లో వెలువడిన ఆతని ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ నవలలో అణుయుద్ధ సమయమున విమానము కూలి ఇంగ్లీషు బాలురు నిర్జనమగు దీవిలో పడుదురు. ఇచ్చటను రాల్ఫ్ కలడు, జాక్ కలడు. పేళ్లు బాలంటైనువే, నడవడి మాత్రము వేరు. సభ పెట్టుకొని శంఖము చేతబట్టినవానికే మాటలాడు హక్కని నియమము చేసికొనిన బాలురు కొలది కాలములోనే పందుల వేటనుండి తమలోని వారి హత్యకు దిగుదురు. తుద కొక నౌకాదళాధికారి వచ్చి వారిని రక్షించును. బ్రిటిషు బాలు రింతకంటె మేలుగా ప్రవర్తింపవలదా యని యాశ్చర్యపడి, పగడపు దీవి కథను తలచుకొనును. ఆతని వెనుక ఆతని యుద్ధనౌక నిలిచియుండును. బాలుర వేటను అసహ్యించుకొనుచున్న ఆ పెద్దమనిషి వచ్చినది మరియొక పెద్ద వేటనుండి. ఇంతకంటె తీవ్రమైన పరిహాసము లేదు. నవ్వు మాత్రము రాదు. చెడుగు వెలుపలినుండి వచ్చుట లేదు, ఓడలో మనతోడనే దిగినది అని గోల్డింగు చెప్పినాడు. 1983లో ఆతనికి నోబెలు బహుమానము లభించెను.

అయినను ఒక మాట చెప్పక తీరదు. గోల్డింగు బాలురు పతితులైనారని తెలుపుటకు వారి ముఖములకు రంగులు పూసి, చేతికి ఈటె నిచ్చి, వారిని అనాగరికులని పిలిచినాడు. పతనమునకు ప్రతిరూపము మరల ఆ దీవివాసియే. ఇంగ్లీషు బాలుని హృదయమున పాపము కలదని యొప్పుకొనుటకుగూడ బాలంటైను సృష్టించిన ఆటవికుని వేషమే కావలసివచ్చెను. మూలమును తలక్రిందులు చేసిన రచయితకును మూలములోని వేషధారణసామగ్రి వదలలేదు.

టామ్ బ్రౌనునకు ప్రత్యుత్తరము 1969లో వచ్చినది. హ్యూస్ పుస్తకములో చిన్నవారిని హింసించి, తుదకు త్రాగి పట్టుబడి రగ్బీనుండి వెడలగొట్టబడిన ఫ్లాష్‌మన్ అను దుష్టు డొకడు గలడు. వాడు తరువాత ఏమయ్యెనో హ్యూస్ చెప్పలేదు. జార్జి మెక్‌డొనాల్డ్ ఫ్రేజరు చెప్పినాడు. వాడు సైన్యమున చేరి, మొదటి ఆఫ్గను యుద్ధమున పిరికితనమున పారిపోవుచును వీరుడని పేరు పొందును. పిరికివాడు, స్త్రీలోలుడు, అబద్ధీకుడు అగు వానికి సామ్రాజ్యము పతకముపై పతకము తగిలించును. వృద్ధాప్యమున వాడు నిజము వ్రాసిపెట్టిన కాగితములు వేలములో దొరకిన ట్లొక కల్పన. 1969 మొదలు 2005 వరకు ఈ వరుసలో 12 పుస్తకములు వచ్చినవి. మొదటిది వెలువడినపుడు అమెరికాలో కొందరు సమీక్షకులు దానిని నిజమైన యాత్మకథయనియే భ్రమించిరి. వీరుల జీవితచరిత్రలకును ఈ పిరికివాని చరిత్రకును శైలిలో భేదము కానరాలేదన్నమాట! పరిహాసమునకు ఇంతకుమించిన విజయ మేది?

1975లో వచ్చిన ‘ఫ్లాష్‌మన్ ఇన్ ది గ్రేట్ గేమ్’ అను సంపుటము మన 1857 విప్లవమునుగూర్చినది. మీరటు, కాన్పూరు, ఝాన్సీ ఇందున్నవి. ఉభయపక్షముల క్రౌర్యమును రచయిత దాచలేదు. బ్రిటిషు వీరత్వమను బంగారుపూత గీకివేయబడినది. కాని మన ఝాన్సీ లక్ష్మీబాయి సంగతి యేమి? ఆమెను సయితము ఆ లంపటుని కాముకదృష్టికి వస్తువుగా చేసినారు. కథ చెప్పువాడు నీచుడు గనుక వాని దృష్టి నీచమైనది, రచయితది కాదు అని సమర్థింపవచ్చును. సమర్థన కొంతవరకు న్యాయమే. అయినను ఇంగ్లీషు వీరుని విగ్రహము పగులగొట్టిన సుత్తి దెబ్బ ప్రక్కనున్న మన రాణికిని తగిలినదని మేము భావించుచున్నాము. వారి విగ్రహమును వారు పగులగొట్టుకొనుట ఆత్మవిమర్శ. మన విగ్రహము వారి యాటలో చిట్లుట వేరు. ఈ భేదమును గుర్తించి చదువుట మన పని.

ఇక మన దేశమున ఇంగ్లీషు బడులలో చదివిన తరములవారికి చిరపరిచితమైన ఎనిడ్ బ్లైటన్ సంగతి. 1897లో పుట్టి 1968లో మరణించిన ఈమె ‘ఫేమస్ ఫైవ్’ అను వరుసలో 1942 మొదలు 1963 వరకు 21 నవలలు వ్రాసెను. జూలియన్, డిక్, ఆన్, జార్జి అను నలుగురు పిల్లలు, టిమ్మీ యను కుక్క. సెలవు దినములు, కిరిన్ దీవి, దొంగరవాణా ముఠాలు, చెట్ల నీడల భోజనములు. వీధిచివర మామిడితోపు తప్ప సముద్రము నెరుగని మన పిల్లలును ఆ పుటలలో దీవి నేలినారు. ఆ సంతోషము నిజమైనది. దానిని తక్కువచేయ నవసరము లేదు. కాని ఆ లోకమున జిప్సీలు అనుమానింపదగినవారు. ఆన్ వంట చూచుకొనవలెను. జార్జి ధైర్యముగలదై నందున మగపిల్లవాడనిపించుకొన గోరును. ఇదే రచయిత్రి 1944లో వ్రాసిన ‘ది ఐలండ్ ఆఫ్ అడ్వెంచర్’ నందు దుష్టుడు నల్లజాతి సేవకుడు. తరువాతి ముద్రణలలో వాని రంగు మార్చివేసిరి.

1982 నవంబరు 2న బ్రిటనులో చానల్ ఫోర్ అను టెలివిజను ప్రసారము మొదలైన రాత్రియే ‘ఫైవ్ గో మ్యాడ్ ఇన్ డార్సెట్’ అను హాస్యనాటికను ప్రదర్శించిరి. పీటర్ రిచర్డ్‌సన్, పీట్ రిచెన్స్ రచించిన యీ నాటికలో వయసు వచ్చిన నటీనటులు బ్లైటన్ పిల్లల వేషము వేసి, అవే మాటలను అదే యుత్సాహముతో పలుకుదురు. కొంచెము గొంతు హెచ్చించుటతోడనే ఆ పిల్లల దొరతనపు గర్వము, పరాయివారియెడ అనుమానము తేటతెల్లమైనవి. ఇందులో ఒక చిత్రము జరిగినది. జింజర్ బీరు అను అల్లపు పానీయమును గూర్చి ఈ నాటికలో పలికిన యొక పలుకుబడిని ఇంగ్లీషు జనులు బ్లైటన్ సొంత మాటయే యని నేటికిని ఉదాహరించుచుందురు. ఆ పుస్తకములయందు అది లేదు! అనుకరణము మూలముకంటె మూలమువలె కనబడెను. పేరడీ పదునెక్కినచో మన జ్ఞాపకమునే తిరుగవ్రాయగలదు. కావున పేరడీ వ్రాయువానికి బాధ్యతయు నంతటిదే.

తరువాత వ్యాపారము మేలుకొన్నది. 2016లో బ్రూనో విన్సెంటు అను రచయిత ఆ యైదుగురిని పెద్దవారిని చేసి, మద్యము మానుట, పిల్లల పెంపకము, బ్రెగ్జిట్ మొదలగు సంగతులలో నిలిపి చిన్న పుస్తకములు వ్రాసెను. పాత చిత్రములే, క్రొత్త వ్యాఖ్యలు. వీనిని ప్రకటించినది బ్లైటన్ గ్రంథముల హక్కులు గల హాషెట్ సంస్థలోని శాఖయే. పండుగ బహుమానములుగా అవి చక్కగా అమ్ముడుపోయినవి. నవ్వు వచ్చును, వచ్చి పోవును. ఎందుకనగా ఇచ్చట వెక్కిరింపబడునది పుస్తకము కాదు, చదువరి నడివయసు. యజమానియే తన బొమ్మను వెక్కిరించు బొమ్మను ప్రక్క అరలో పెట్టి అమ్మునపుడు రెండు బొమ్మలకును గిరాకి పెరుగును. ఏ బొమ్మకును గాయము కాదు.

ఇందుకు భిన్నముగా, అనుమతి లేని నవ్వునకు పట్టిన గతిని గూడ చూడవలెను. 2014లో మిరియం ఈలియా అను చిత్రకారిణి, ఇంగ్లండున పిల్లలకు చదువు నేర్పు లేడీబర్డ్ వాచకముల రూపము ననుకరించి, ఆధునిక చిత్రకళను ఎగతాళిచేయు పుస్తక మొకటి ప్రకటించెను. అవి సాహసగాథలు కావు గాని బాల్యమున అదే అరలోని పుస్తకములు. హక్కులు గల పెంగ్విన్ సంస్థ అభ్యంతరము తెలిపెను. మరుసటి యేడు, 2015లో, ఆ సంస్థ తానే పెద్దల లేడీబర్డ్ పుస్తకములను వెలువరించెను. బ్రిటిషు గ్రంథస్వామ్య చట్టమున పేరడీకి మినహాయింపు అమలునకు వచ్చినది 2014 అక్టోబరు 1న. మన 1957 చట్టమున విమర్శకు మినహాయింపు కలదు గాని పేరడీ యను మాట లేదు. నవ్వుటకు యజమాని సెలవు కావలసిన చోట విమర్శ బ్రదుకజాలదు. ఆ మాటను మన చట్టమున చేర్చుట యవసరమని మా యభిప్రాయము.

పాత పుస్తకములలోని దోషములను నిశ్శబ్దముగా దిద్దివేసినచో చాలదా, పరిహాస మెందుల కని కొందరు అడుగవచ్చును. దిద్దుబాటునుగూడ చేసి చూచిరి. 2010లో ‘ఫేమస్ ఫైవ్’ నవలల భాషను నేటి పిల్లలకు తగినట్లు మార్చి ముద్రించిరి. పాఠకు లాదరింపలేదు, 2016లో ప్రకాశకులు పాత పాఠమునకే మరలుచున్నామని ప్రకటించిరి. ఇది మంచిదే యని మేము తలచుచున్నాము. దోషమును తుడిచివేసినచో దోషము చేసినవారికే మేలు. వారెట్లు తలచిరో తెలిపెడి సాక్ష్యము నశించును. హర్రీ రామ్ సింగును పుస్తకమునుండి తొలగించినచో మనకు జరిగిన యవమానము తొలగదు, దాని దాఖలా మాత్రము తొలగును. పుస్తకమును ఉన్నదున్నట్లు నిలిపి, దాని ప్రక్కన మరియొక పుస్తకమును నిలుపుట సరియైన మార్గము. పేరడీ యొక్క ధర్మ మిదియే.

ఈ ధర్మము సంపూర్ణముగా నెరవేరినది ఇంగ్లండు వెలుపలనే. సాహసగాథల కన్నిటికి మూలపురుషుడు 1719 నాటి డేనియల్ డీఫో సృష్టియగు రాబిన్సన్ క్రూసో. బానిసలను తెచ్చుటకై బయలుదేరిన ప్రయాణమున ఓడ పగిలి దీవిలో పడినవా డాతడు. తన దీవి కొకడు దొరకగానే వానికి శుక్రవారమను పేరు పెట్టి, తన్ను యజమానియని పిలువ నేర్పెను. 1967లో ఫ్రెంచి రచయిత మిషెల్ టూర్నియే ఈ కథను తిప్పి వ్రాసెను. అందు ఫ్రైడే వలన క్రూసో తుపాకిమందు పేలి, కట్టుకొనిన రాజ్యము కూలిపోవును. అటుపిమ్మట నేర్చుకొనువాడు క్రూసో. 1971లో టూర్నియే దానిని బాలుర కనువుగా తిరుగవ్రాసెను. బాలురనుండి తీసికొనిన కథను దిద్ది మరల బాలురకే ఒప్పగించుట మెచ్చదగిన పని. 1986లో దక్షిణాఫ్రికా రచయిత కూట్జీ వ్రాసిన ‘ఫో’ నవలలో ఫ్రైడేకు నాలుక లేదు. అది యెవరు కోసిరో తెలియదు. ఆతని కథ నెట్లయినను చెప్పింపవలెనని ఇతరులు పడు పాట్లే నవల. పరిహాసము ఇచ్చట మౌనముగా మారినది. యజమానులు తమ్ము దాము చూచుకొని యెంత నవ్వినను, తిరస్కృతునికి నాలుక మొలవదు. వాడు తానుగా పలుకవలెను.

మరి మన నాలుక మాట యేమి? 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ యందు దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు తెలుగు పిల్లలకు గుహలను, మంత్రదండములను, సముద్రయానములను చూపినవి. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ చిత్రములోని మాంత్రికుని మాటతీరును పెద్దలు సయితము హాస్యమునకు వాడుకొనుచుందురు. అందరి బాల్యమునందును సమానముగా నున్నదానినే అందరును కలిసి నవ్వగలరు. అట్టి సొత్తు మనకు కలదు. కాని మన నవ్వు గొంతు ననుకరించుటకడనే ఆగకూడదు. సాహసము చేసినవానికి అర్ధరాజ్యముతోపాటు రాకుమారి నిచ్చునపుడు ఆ పిల్ల నెవరైన అడిగిరా? అడవిలో నివసించువా రందరును నరబలు లిచ్చువారేనా? నల్లనివాడు రాక్షసుడును తెల్లనివాడు రాకుమారుడును కావలెనని మనకు చెప్పిన దెవరు? బాలంటైనును అడిగిన ప్రశ్నలను మన కథల నడుగనిచో మన నవ్వునకు విలువ యుండదు.

ఇంగ్లీషువారు తమ బాల్యమును తామే పరిహసించుకొనుట వారి మేలికొరకు. దానిని మెచ్చుకొందము, అందు మన పేరు వచ్చినచోట కన్ను తెరచి చదువుదము. మన పిల్లలు పగడపు దీవిని చదువవలదని మేము చెప్పము. చదువనిండు, కొబ్బరికాయ పుటకడ నవ్వనిండు. ఆ నవ్వినవాడే తరువాతి పుటలోని దీవివాసిని జూచి, ‘ఇదియు అట్టిదే కాదా?’ యని అడుగును. ఆ ప్రశ్న అడుగగలిగిన బాలుని ఏ పుస్తకమును చెరుపజాలదు.